ఓడినవాళ్లు లెక్కలోకి రాలేదు: పోటీని కొలవబోయిన ఒక పరిశోధన కేస్ స్టడీ

రెండు కంపెనీలు ఒకదానితో ఒకటి పోటీ పడుతున్నాయా, లేదా? మా పేపర్ ఈ ఒక్క ప్రశ్నతో మొదలైంది. మూడు నెలల్లో తేలిపోతుందనుకున్నాం. రెండేళ్లు పట్టింది. అందులో మొదటి ఎనిమిది నెలలు మేం రాసిందంతా తప్పు. లెక్కలు సరిగ్గానే చేశాం, కోడ్ కూడా రెండుసార్లు సరిచూసుకున్నాం. కానీ మేం తీసుకున్న డేటాలోనే ఓడినవాళ్లు లేరు. ఆ సంగతి ఎలా బయటపడింది, తర్వాత ఏం చేశాం అన్నది ఇక్కడ రాస్తున్నాను.

మా టీమ్‌లో ముగ్గురం. నాది ఎకనామిక్స్. ఇంకొకరు కాంపిటీషన్ లా చెప్పే ప్రొఫెసర్, ఆవిడను మేడమ్ అనే పిలుస్తాం. మూడో అతనిది ఎకాలజీ. సముద్రతీరపు జీవుల మీద పని చేసి వచ్చాడు, వయసులో మా ఇద్దరికన్నా చిన్నవాడు. కంపెనీల పేర్లు, ఊళ్లు, సంవత్సరాలు చెప్పను. నీటి శుద్ధి ప్లాంట్లకు పంపులు సరఫరా చేసే రెండు కంపెనీలు అనుకుంటే చాలు. ఒకదాన్ని పెద్దది అని, రెండోదాన్ని చిన్నది అని పిలుస్తాను. అవి విలీనమవుతాయన్న వార్త వచ్చింది. విలీనమైతే పోటీ తగ్గుతుందా అని మేం చూడబోయాం. మాకు క్లయింట్ ఎవరూ లేరు, ఇది పూర్తిగా యూనివర్సిటీ పరిశోధనే. ఒకందుకు అదే మంచిదైంది. క్లయింట్ ఉంటే ఆ తప్పుడు జవాబే సంతోషంగా తీసుకుని వెళ్లిపోయేవాడు.

మాట ఒకటే, అర్థాలు మూడు

మొదటి రెండు వారాలూ ‘పోటీ’ అన్న మాట మీదే వాదించుకున్నాం. ఎకాలజీవాళ్లకు పోటీ అంటే నష్టం. రెండు జాతులు ఒకే చోటు కోసమో ఒకే ఆహారం కోసమో పెనుగులాడితే రెండింటికీ దెబ్బే. వాళ్ల పట్టికల్లో దాన్ని రెండు మైనస్ గుర్తులతో రాస్తారు. చట్టం సంగతి దీనికి పూర్తిగా ఎదురు. అక్కడ పోటీ అనేది కాపాడుకోవాల్సిన ఆస్తి. అమెరికా సుప్రీంకోర్టు 1962లో బ్రౌన్ షూ కేసులో, చట్టం రక్షించేది పోటీని గానీ పోటీదారులను కాదు అని తేల్చింది. మేడమ్ ఈ తీర్పు ఎత్తగానే ఎకాలజీ అతను తల పట్టుకున్నాడు. పోటీదారులు చచ్చిపోతుంటే పోటీ బతికి ఉండటమేమిటి అని అతని సందేహం. ఇక మా ఎకనామిక్స్ వింత వేరు. టెక్స్ట్‌బుక్‌లో ‘సంపూర్ణ పోటీ’ అని రాసుకున్న చోట అసలు ఎవరూ ఎవరినీ పట్టించుకోరు. ధర ఎంతో చూసుకుని ఎవరి పని వాళ్లు చేసుకుపోతారు. పోటాపోటీ అన్నదే ఉండదు.

ఈ మూడు శాఖలకూ చుట్టరికం లేదని కాదు. ఇద్దరే అమ్మకందారులుంటే ఏమవుతుందో లెక్క కట్టిన ఫ్రెంచ్ గణితవేత్త కూర్నో పుస్తకం 1838లో వచ్చింది. జనాభా పెరుగుదల మీద మాల్థస్ రాసినది డార్విన్ చదివి, జీవుల పెనుగులాట గురించి ఆలోచనలో పడింది కూడా ఆ ఏడాదే. ఒకరి సంగతి ఒకరికి తెలియకుండానే ఇద్దరూ దాదాపు ఒకే బండి ఎక్కారు. తర్వాత దారులు వేరైపోయాయి.

చివరికి ముగ్గురం ఒక్క వాక్యం మీద రాజీకొచ్చాం: ఒకటి లేకపోతే రెండోది వేరేలా ప్రవర్తిస్తుందా? ప్రవర్తిస్తే వాటి మధ్య పోటీ ఉన్నట్టు. ఈ వాక్యాన్ని గోడకు అంటించుకున్నాం. అంటించుకుని, దానితో ఏ సంబంధం లేని పని మొదలుపెట్టాం. అప్పుడది తెలియలేదు.

మేం వేసిన తప్పటడుగు

చేతిలో ఉన్న డేటా ఏమిటంటే, ఏ ప్లాంటు టెండర్ ఎవరికి దక్కింది, ఎంతకు దక్కింది అన్న జాబితా. అది ఆన్‌లైన్‌లోనే దొరికింది, నీట్‌గా ఉంది. ఎకాలజీలో రెండు జాతులు ఎంతవరకు ఒకే వనరును వాడుకుంటున్నాయో చెప్పే సూచికలున్నాయి. బల్లుల మీద పని చేసిన పియాంకా 1973లో వాడిన సూచిక అందులో ఒకటి. సున్నా వస్తే రెండింటికీ ఉమ్మడిగా ఏమీ లేదని, 1 వస్తే రెండూ అచ్చంగా ఒకే వనరుల మీద బతుకుతున్నాయని అర్థం. బల్లుల చోట కంపెనీలను, అవి తినే పురుగుల చోట ప్లాంట్ల రకాలను పెట్టి లెక్కేశాం. జవాబు సున్నాకు దగ్గరగా వచ్చింది. పెద్ద కంపెనీకి భారీ ప్లాంట్లు, చిన్న కంపెనీకి చిన్న ప్లాంట్లు. ఎక్కడా కలవలేదు.

ఇక్కడ నా ఉత్సాహం గురించి చెప్పాలి. ఇది కాకతాళీయం కాదని రుజువు చేద్దామని ఇంకో అడుగు వేశాను. 1975లో డైమండ్ పక్షుల మీద ఒక వాదన తెచ్చాడు. కొన్ని జాతులు ఒకే దీవిలో కలిసి కనిపించవు, దానికి కారణం పోటీ అన్నాడు. కానర్, సింబర్లాఫ్ అనే ఎకాలజిస్టులు 1979లో దాన్ని ప్రశ్నించారు. పక్షులను దీవుల మీద ఇష్టమొచ్చినట్టు చల్లినా అలాంటి నమూనాలు వస్తాయి కదా, ముందు అది చూడండి అన్నారు. నేనూ అలాగే టెండర్లను పేకముక్కల్లా కలిపి కంప్యూటర్ చేత మళ్లీ మళ్లీ పంచించాను. అలా ఊరికే పంచినప్పటికన్నా కూడా మా రెండు కంపెనీలూ తక్కువగా కలుస్తున్నాయి. ‘ఇవి వేర్వేరు మార్కెట్లలో ఉన్నాయి, విలీనం వల్ల ఇబ్బంది లేదు’ అని డ్రాఫ్ట్‌లో రాసేశాను.

ఇప్పుడు చూస్తే నవ్వొస్తుంది. డైమండ్ వాదనే తీసుకుంటే, రెండు జాతులు అనుకున్నదానికన్నా తక్కువగా కలవడం పోటీకి గుర్తు. నేనేమో అదే నమూనాను పట్టుకుని పోటీ లేదని రాశాను. ఒకే అంకె, దాని నుంచి రెండు ఎదురెదురు తీర్పులు. ఈ సంగతి అప్పుడు మా ముగ్గురిలో ఎవరికీ తట్టలేదు.

డ్రాఫ్ట్ చదివిన రోజు మేడమ్ అడిగింది ఒక్క ప్రశ్నే. “ఇది గెలిచినవాళ్ల లిస్టే కదా. టెండర్ వేసి పోగొట్టుకున్నవాళ్లు ఎక్కడున్నారు?”

నేను ఏదో సర్దిచెప్పబోయాను. ఎకాలజీ అతను మాత్రం లేచి బోర్డు దగ్గరికెళ్లి ఒక రాయి బొమ్మ గీశాడు. “ఛ, మనం ఎదిగినవాటినే లెక్కపెట్టాం మేడమ్. లార్వాలను వదిలేశాం” అన్నాడు.

స్కాట్లాండ్ రాళ్ల మీద

అతను గీసింది జోసెఫ్ కానెల్ అనే ఎకాలజిస్టు చేసిన ప్రయోగం. 1961లో అచ్చయింది. స్కాట్లాండ్‌లో కంబ్రే అనే దీవి ఒడ్డున రాళ్లకు బార్నకల్స్ అంటుకుని ఉంటాయి. పడవల అడుగున కూడా కనిపించే, గట్టి పెంకున్న చిన్న జీవులివి. అక్కడ రెండు రకాలు. రాయి పైభాగంలో, పోటు నీరు కాసేపే అందే చోట థామలస్ ఉంటుంది. కింద, ఎక్కువసేపు నీళ్లలో మునిగి ఉండే చోట బాలనస్ ఉంటుంది. ఎదిగిన జీవులను మాత్రమే లెక్కపెడితే రెండూ ఎవరి చోట వాళ్లు మర్యాదగా కాపురం చేస్తున్నట్టు కనిపిస్తాయి. మా పంపుల కంపెనీల్లాగే.

కానీ థామలస్ లార్వాలు, అంటే నీళ్లలో ఈదుతూ వచ్చే పిల్ల జీవులు, కింద కూడా అంటుకుంటాయి. అంటుకుని పెరగడం మొదలుపెడతాయి. ఈలోగా బాలనస్ వేగంగా పెరిగి కొన్నింటి మీదికి ఎక్కి కప్పేస్తుంది, కొన్నింటిని అడుగు నుంచి పైకి లేపి ఊడగొడుతుంది, కొన్నింటిని పక్కనుంచి నొక్కి చంపేస్తుంది. కానెల్ ఒక్కొక్క జీవి ఉన్న చోటును మ్యాప్‌లో గుర్తు పెట్టుకుని, మళ్లీ మళ్లీ వెళ్లి చూశాడు. అసలు తెలివి ఇంకోచోట ఉంది. రాయిలో సగం భాగం నుంచి బాలనస్‌ను గీకి తీసేశాడు. మిగతా సగాన్ని ముట్టుకోలేదు. తీసేసిన సగంలో థామలస్ కిందిభాగంలో కూడా చాలావరకు బతికింది. ముట్టుకోని సగంలో చచ్చిపోయింది. అంటే దాన్ని పైకి తరిమింది నీళ్లు కాదు, పక్కవాడు. బాలనస్ మాత్రం పైన బతకలేకపోవడానికి ఎండ, ఆరిపోవడం ప్రధాన కారణాలు. ఒకే రాయి మీద రెండు హద్దులు, రెండింటికీ కారణాలు వేరు.

మా భాషలో చెప్పుకుంటే టెండర్ దక్కించుకున్న కంపెనీ ఎదిగిన జీవి. వేసిన ప్రతి టెండరూ ఒక లార్వా. మేం చూసిన జాబితాలో ఎదిగినవే ఉన్నాయి.

ఆ సాయంత్రం నేను ఒక కాగితం మీద వేసుకున్న లెక్క ఇది. పెద్ద కంపెనీకి ఒక పని చేయడానికి 80 ఖర్చవుతుంది. చిన్నదానికి అదే పనికి 95. ఇంకెవరో మూడోవాళ్లకు 120. ఒకరి ఖర్చు ఒకరికి దాదాపు తెలుసనుకుందాం. చిన్నది బరిలో ఉన్నంతకాలం పెద్దది 95కు కాస్త కిందే రేటు వేయాలి. గెలిచేది ప్రతిసారీ పెద్దదే. ఇప్పుడు రెండూ కలిసిపోతే? అప్పుడు కూడా గెలిచేది అదే, కానీ 119 దాకా అడగొచ్చు. మార్కెట్ వాటా అణువంత కూడా కదలదు. ధర మాత్రం పాతిక దాకా పెరుగుతుంది. ఒక్కసారి కూడా గెలవని కంపెనీ ధరను పట్టి ఉంచుతోందన్నమాట. నేను ఎనిమిది నెలలు తవ్విన డేటాలో దాని ఆనవాలే లేదు.

సెల్లోఫేన్ కేసు అద్దంలో

ఇలాంటిది చట్టంలో ముందే జరిగిందని మేడమ్ చెప్పింది. 1956 నాటి డ్యూపాంట్ కేసు. సెల్లోఫేన్ అంటే సరుకులు చుట్టే పలచటి పారదర్శక పొర. అప్పట్లో అమెరికాలో అమ్ముడయ్యే సెల్లోఫేన్‌లో దాదాపు 75 శాతం డ్యూపాంట్ కంపెనీదే. కోర్టు మాత్రం మార్కెట్ అంటే సెల్లోఫేన్ ఒక్కటే కాదు, చుట్టడానికి పనికొచ్చే అన్ని మెత్తటి ప్యాకింగ్ సరుకులూ అంది. అలా చూస్తే సెల్లోఫేన్ వాటా 20 శాతానికి లోపే. ధర పెంచితే కొనేవాళ్లు వేరే సరుకుకు మళ్లుతారు కాబట్టి గుత్తాధిపత్యం లేదని తీర్పు.

ఇందులో మెలిక తెలియాలంటే చిన్న లెక్క చాలు. ధర 100, ఒక్కోదానికి ఖర్చు 60, అమ్మకాలు 1000 అనుకుందాం. లాభం 40,000. ధర 5 శాతం పెంచితే ఒక్కోదాని మీద 45 మిగులుతుంది. అదే లాభం రావాలంటే సుమారు 889 అమ్మితే చాలు. అంటే 111 మంది పోయినా నష్టం లేదు. అంతకన్నా ఎక్కువమంది పోతేనే ‘బయట గట్టి ప్రత్యామ్నాయం ఉంది’ అంటాం. అమెరికా న్యాయశాఖ 1982 మార్గదర్శకాల నుంచి ఇలాంటి 5 శాతం పరీక్ష వాడుకలో ఉంది. సమస్య ఎక్కడంటే, ఆ 100 ఎలాంటి ధర? కంపెనీ ముందే పెంచగలిగినంతా పెంచి అక్కడ ఆగి ఉంటే, ఇంకాస్త పెంచగానే జనం పారిపోతారు. పారిపోవడాన్ని చూసి పోటీ ఉందనుకుంటాం. నిజానికి అది పోటీ లేనందువల్ల వచ్చిన ధర. దీన్నే సెల్లోఫేన్ పొరపాటు అంటారు.

కానెల్ రాళ్లకు ఇది అద్దంలో బొమ్మ లాంటిది. అక్కడ ఉన్న పోటీ కంటికి కనిపించలేదు. ఇక్కడ లేని పోటీ కనిపించింది. రెండుచోట్లా మనం ఫొటో తీసింది ఆట అయిపోయాక.

అయితే ఇక్కడ ఒక ప్రమాదం ఉంది, దాన్ని పట్టుకున్నది కూడా ఎకాలజీ అతనే. ఈ ఆలోచన ఒకసారి తలకెక్కితే ఎక్కడ చూసినా పోటీయే కనిపిస్తుంది. కలిసి ఉంటే పోటీ పడుతున్నారంటాం. విడిగా ఉంటే ఒకప్పుడు పోటీ పడి విడిపోయారంటాం. ఇంక ఓడిపోయే దారే లేని వాదన అది. 1980లో కానెలే దీనికి ‘గతకాలపు పోటీ దయ్యం’ అని పేరు పెట్టి, రుజువు లేకుండా ఆ దయ్యాన్ని పిలవకండి అని హెచ్చరించాడు. నాకు ఆ వ్యాసం చదివాక నిద్ర పట్టలేదు. మొదటి డ్రాఫ్ట్ తప్పని తేలింది, రెండోదానికి కూడా కాళ్లు లేవు.

కాగితాల గది

ఓడిన టెండర్ల వివరాలు ఆన్‌లైన్‌లో లేవు. ప్లాంట్ల ఆఫీసుల్లో ప్రతి టెండర్‌కూ ఒక కంపారిటివ్ స్టేట్‌మెంట్ తయారుచేస్తారు. ఎవరు ఎంత రేటు వేశారో వరుసగా రాసి, అందరికన్నా తక్కువ వేసినవాళ్ల పక్కన ఎల్‌1 అని గుర్తు పెడతారు. అవి ఫైళ్లలో ఉన్నాయి. స్కాన్ చేసుకోవడానికి అనుమతి వచ్చేసరికే చాలా కాలం పట్టింది. కొన్నింట్లో అంకెలు కొట్టేసి పైన మళ్లీ రాసి, పక్కన పొట్టి సంతకాలు పెట్టారు. ఏ అంకె తీసుకోవాలన్నది ఒక్కో కాగితానికి ఒక్కో పంచాయతీ. సంతకం ఉన్న దిద్దుబాటునే తీసుకోవాలని నియమం పెట్టుకున్నాం. అంతా చేత్తోనే టైప్ చేశాం. ఇద్దరం వేర్వేరుగా టైప్ చేసి, తేడా వచ్చిన చోట మూడోవాళ్లు చూసేవాళ్లు.

ఆ కాగితాల్లో చిన్న కంపెనీ పేరు పెద్ద ప్లాంట్ల దగ్గర కూడా కనిపించింది. ఎల్‌2గానో ఎల్‌3గానో. గెలిచిన చోటు లేదు. కానీ అది టెండర్ వేసిన చోట గెలిచిన రేటు, అంచనా ఖర్చుకు దగ్గరగా ఉంది. వేయని చోట ఎడం ఎక్కువ.

రుజువు దొరికింది అనిపించింది. మేడమ్ ఒప్పుకోలేదు. చిన్న కంపెనీ ఏ టెండర్ వేయాలో తనే ఎంచుకుంటుంది కదా. సులువైన పనులు చూసుకుని వేస్తే అక్కడ రేట్లు ఎలాగూ తక్కువే ఉంటాయి. ఆవిడకు ఈ అనుమానం ఊరికే రాలేదు. కోర్టు తీర్పులు చదివేవాళ్లకు ఇది పాత గాయం. ప్రీస్ట్, క్లైన్ అనే ఇద్దరు పరిశోధకులు 1984లో చెప్పిందే: తీర్పు దాకా వెళ్లే కేసులు మొత్తం తగాదాలకు నమూనా కావు. ఎవరు గెలుస్తారో స్పష్టంగా తెలిసినవి ముందే రాజీ అయిపోతాయి. ఎటూ తేలనివే జడ్జి ముందుకు వస్తాయి. అందుకే తీర్పులను లెక్కపెట్టి ‘కోర్టు ఎటు మొగ్గుతోంది’ అని చెప్పడం ప్రమాదం. మా పేపర్ కోసం ఆవిడ రాసిన తీర్పుల విభాగం ఒకటుండేది. నా సెక్షన్‌ను విమర్శిస్తూ ఉండగానే తన సెక్షన్‌లో కూడా అదే జబ్బు ఉందని గుర్తించి, మొత్తం తీసేసింది. నలభై పేజీలు. నాకైతే అంత ధైర్యం ఉండేది కాదు.

తీసివేత

గోడ మీద అంటించుకున్న వాక్యం అప్పుడు మళ్లీ గుర్తొచ్చింది. ఒకటి లేకపోతే రెండోది వేరేలా ప్రవర్తిస్తుందా? రాయి మీద నుంచి బార్నకల్‌ను గీకినట్టు కంపెనీని గీకలేం. కానీ ఒకసారి చిన్న కంపెనీ ఫ్యాక్టరీలో అగ్నిప్రమాదం జరిగి కొన్ని నెలలు ఉత్పత్తి ఆగిపోయింది. ఆ కాలంలో అది ఏ టెండరూ వేయలేదు. ప్రమాదం టెండర్లను చూసి రాదు. కాబట్టి రాళ్ల మీద కానెల్ చేసిన పని మాకు నిప్పు చేసిపెట్టింది.

ఆ నెలల్లో పెద్ద ప్లాంట్ల దగ్గర గెలిచిన రేట్లు పెరిగాయి. సంబరపడేలోపే ఇంకో చిక్కు. అదే సమయంలో లోహాల ధరలు కూడా పెరిగాయి. పంపుల ఖర్చు ఎలాగూ పెరిగేది. ఇక్కడ పనికొచ్చింది ‘ముట్టుకోని సగం’. చిన్న కంపెనీ దగ్గర తయారీయే లేని కొన్ని రకాల పంపులున్నాయి. వాటికి ప్రమాదానికి ముందూ అది టెండర్ వేయలేదు, తర్వాతా వేయలేదు. లోహాల ధర దెబ్బ వాటికీ తగిలింది. ఆ పెరుగుదలను పక్కన పెట్టుకుని పోల్చితే, చిన్న కంపెనీ మామూలుగా వేసే రకాల్లో రేటు అంతకన్నా ఎక్కువ పెరిగింది. ఆ అదనమే మా జవాబు. ఫ్యాక్టరీ తెరిచాక అది తగ్గింది, కానీ ఒక్కసారిగా కాదు.

ఒక విషయం మాత్రం మేం అస్సలు ఊహించలేదు. చిన్న ప్లాంట్ల దగ్గర ఖాళీ అయిన చోటుకు పెద్ద కంపెనీ రాలేదు. పంపులు కాకుండా వాల్వులు అమ్ముకునే వేరే కంపెనీ ఒకటి, మా జాబితాలో పేరు కూడా లేనిది, వచ్చి పనులు పట్టుకుంది. అంటే చిన్నది పెద్దదాన్ని అదుపులో పెడుతోంది గానీ, పెద్దది చిన్నదాన్ని అదుపులో పెట్టడం లేదు. పోటీ ఒకవైపే నడుస్తోంది. కానెల్ రాయి మీద కూడా అంతే కదా, కింద హద్దుకు కారణం పక్కవాడు, పైన హద్దుకు కారణం ఎండ. మార్కెట్ అనే గీత ఒకటి గీసి, లోపల ఉన్నవాళ్లంతా ఒకరికొకరు సమానంగా పోటీ అనుకునే అలవాటు నాకు అప్పటిదాకా ఉండేది.

పత్రిక తరఫున మా పేపర్‌ను పరిశీలించిన సమీక్షకుల్లో ఒకరు ‘ఒక్క ప్రమాదం మీద ఆధారపడి ఇంత చెబుతారా’ అని రాశారు. నిజమే. జవాబుగా మేం ఎకాలజీలోంచే ఒక సంగతి చూపించాం. 1983లో ఒకే పత్రికలో పోటీ ప్రయోగాల మీద రెండు సమీక్షలు వచ్చాయి. షోనర్ సమీక్ష 164 అధ్యయనాలు చూసి 90 శాతం వాటిలో పోటీ కనిపించిందంది. కానెల్ సమీక్ష ప్రయోగాలను విడివిడిగా లెక్కపెట్టి, ఐదింట రెండు వంతుల్లోనే కనిపించిందంది. అధ్యయనాన్ని లెక్కపెడతావా, జాతిని లెక్కపెడతావా, ప్రయోగాన్ని లెక్కపెడతావా అన్నదాన్ని బట్టే జవాబు ఇంత మారింది. అందుకే ‘పోటీ ఉంది’ అన్న పాత శీర్షిక తీసేసి, ఏ రకం పంపులో, ఏ వైపు నుంచి, ఎన్ని నెలలకు అన్నది మాత్రమే చెప్పాం. సమీక్షకుడు సగం తృప్తి పడ్డారు. మేమూ అంతే.

పేపర్ పంపేశాక ఎకాలజీ అతను కాగితాల గదికి ఇంకోసారి వెళ్లాడు. స్టేట్‌మెంట్ల ఫైళ్ల కింద ఒక పొడుగాటి రిజిస్టరు కనిపించిందట. టెండర్ ఫారం డబ్బు కట్టి కొనుక్కున్నవాళ్ల పేర్లు అందులో రాస్తారు. కొని, చదివి, లెక్కలు వేసుకుని, చివరికి టెండర్ వేయకుండా ఊరుకున్నవాళ్లు కూడా అందులో ఉన్నారు. రాయి దాకా ఈదుకుంటూ వచ్చి, అంటుకోకుండా వెళ్లిపోయిన లార్వాలు. వాల్వుల కంపెనీ పేరు ప్రమాదానికి చాలా ముందు నుంచే ఆ పేజీల్లో ఉంది. ప్రస్తుతం ఆ రిజిస్టరు టైప్ చేస్తున్నాం. నాలుగో వంతు అయింది.